నిలబడి తుపాకి కొట్టేటప్పుడు ఊతకట్టెలు: ఎంత పొడుగు, కట్టుడెట్ల, గోలీ పైకి ఎందుకు పోతది?

పర్కాల_315
అందరికి నమస్తే. ఇషాపూర్ .315 బోల్ట్ రైఫిల్, ఓపెన్ సైట్ (ముందు గుబ్బ, వెనుక గాటు), స్కోప్ అంటే దుర్బిణి లేదు. మూడు కంక కట్టెలు, ఒక్కొక్కటి ఆరడుగులు, పైనుంచి జానెడు కింద సైకిల్ ట్యూబు ముక్కతోటి కట్టినయి. కొట్టే మనిషి ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. రేంజిల 50 మీటర్ల అట్ట మీద గోలీలు పక్కలకు మంచిగనే ఉంటున్నయి, పైకి కిందికే జానెడు పరుచుకుంటున్నయి. ఇసుక సంచి మీద పెడితే అదే తుపాకి నాలుగు వేళ్ల మందంల కొడతది. తప్పు కట్టెలల్ల ఉన్నదా, పట్టుకునుట్ల ఉన్నదా?

నిర్వాహకుడు
సమాధానాలకు ముందు ఒక మాట, ప్రతి చర్చలో చెప్పేదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 9 కింద వేట నిషిద్ధం. అడవిపంది 2022 సవరణ తర్వాత షెడ్యూల్ 2లో ఉంది. పంట నష్టం మీద చంపాలంటే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి ఇచ్చిన ఉత్తర్వు ఉండాలి. నోటిమాట చాలదు. అభయారణ్యం లోపలికి ఆయుధంతో పోవడానికే వేరే అనుమతి కావాలి, అది సెక్షన్ 31. రేంజిలో అట్ట మీద సాధన చేసేవాళ్లు, అనుమతి ఉన్నవాళ్లు ఇక్కడ ఎంతైనా మాట్లాడుకోవచ్చు. మిగతా ప్రశ్నలు తీసేస్తాం.

ములుగు_కంక
తమ్మీ, నీ తుపాకి మంచిదే, నీ కట్టెలు పొడుగు. ఆరడుగుల లెక్క బయటి దేశపోళ్లది, ఆరడుగుల మనుషులది. మనకు పనికిరాదు.

లెక్క చూడు. ఆరడుగులంటే 183 సెంటీమీటర్లు. జానెడు అంటే 23. ముడి కింద మిగిలేది 160. మూడు కాళ్లు నడిమధ్య నుంచి 45 సెంటీమీటర్ల దూరం ఇడిస్తే, బడిల నేర్చుకున్న లంబకోణ త్రిభుజమే: ముడి ఎత్తు 153 దాటుతది. 5 అడుగుల 7 అంగుళాల మనిషికి మెడ ఎముక భూమి నుంచి 140 దగ్గర ఉంటది. అంటే ముడి మీద తుపాకి కూసునే పంగ నీ గదవ దగ్గర ఉన్నది. తుపాకి దాని మీద పెట్టినవంటే కుందా (తుపాకి వెనుక చెక్క) భుజంల కూసోదు, పైకి లేస్తది, మొఖం కుందాకు ఆనది. ప్రతిసారి కన్ను వేరే ఎత్తుల ఉంటది. ఓపెన్ సైటుల కన్ను ఎత్తు మారితే ముందు గుబ్బ వెనుక గాట్ల పైకి కిందికి కదులుతది. గోలీ గట్లనే పోతది. పక్కలకు ఎందుకు బాగున్నయంటవా, మూడు కాళ్లు ఉన్నయి కాబట్టి.

కాళ్లు ఇంకా ఎడం చేస్తే కిందికి దిగుతది కదా అంటవు. దిగుతది. 138కి రావాలంటే నడిమధ్య నుంచి 81 సెంటీమీటర్లు ఇడవాలె, కాలుకు కాలుకు నడుమ 140 అయితది. గంత ఎడంల కాళ్లు జారుతయి, నీ మోకాళ్లకు తగులుతయి.

ముడి కింద 145, ముడి పైన 15. మొత్తం 160 సెంటీమీటర్లు. అప్పుడు 45 ఎడంల ముడి 138 దగ్గర నిలబడతది. నువ్వు వంగేది లేదు, మునివేళ్ల మీద లేసేది లేదు.

జగిత్యాల_మంచె
ములుగన్న లెక్క ఖరారు. ఇంకొక్కటి కలుపుత: ఎత్తు కొలిచేటప్పుడు ఏ చెప్పులతోటి పోతరో ఆ చెప్పులు ఏసుకొనే కొలువాలె. గంబూట్లు రెండు మూడు సెంటీమీటర్లు లేపుతయి.

కొలతకు సులువు దారి: సహజంగ నిలబడి, కండ్లు మూసుకొని, ఖాళీ తుపాకి భుజానికి పెట్టుకోవాలె. కండ్లు తెరిచినంక గొట్టం కింద ఉండే ముందు చెక్క అడుగు భూమికి ఎంత ఎత్తుల ఉన్నదో ఇంకొకలు టేపుతోటి కొలువాలె. పంగ ఎత్తు అదే. మెడ ఎముక లెక్క అంతకు దగ్గరగనే వస్తది, కానీ మెడ పొడుగోళ్లకు జర తేడా కొడతది.

ఓరుగల్లు_గురి
ఎత్తు సరిచేసినా సగమే పోతుంది. పర్కాల భాయ్, రెండో కారణం గట్టి మీద గట్టి. వెదురు మీద చెక్క నేరుగా ఆనితే, గోలీ గొట్టం దాటకముందే తుపాకి ఆ గట్టి ఊత మీద నుంచి పైకి ఎగురుతుంది. ఇసుక సంచి ఆ దెబ్బను మింగుతుంది, వెదురు మింగదు. పంగ రెండు చేతులకూ ట్యూబు రబ్బరు గానీ పాత తోలు గానీ రెండు మూడు చుట్లు చుట్టాలి. నున్నటి ప్లాస్టిక్ టేపు వద్దు, ఎండకు జిగురు కారి చెక్కకు అంటుతుంది, చలికాలం జారుతుంది.

ఎడమ చేయి ఎక్కడ పెడుతున్నారో మీరు రాయలేదు. చాలామంది కుందా కింద పెడతారు, బల్ల మీద కొట్టినట్టు. నిలబడి కొట్టేటప్పుడు అది పనికిరాదు. ఎడమ చేయి పంగ దగ్గర ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు కట్టె ముడిని పట్టుకోవాలి, మిగిలిన అరచేయి ముందు చెక్కను కిందినుంచి పట్టి వెనక్కి, కొంచెం కిందికి లాగాలి. కట్టెలు, తుపాకి, చేయి ఒక్క ముద్ద అయిపోవాలి. .315 తన్ను చిన్నది కాదు, చేయి లేకపోతే ముందు భాగం పంగలోంచి లేచి బయట పడుతుంది. రెండో గోలీకి బోల్టు లాగేసరికి మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వస్తుంది.

గొట్టాన్ని మాత్రం పంగలో పెట్టొద్దు. ఊత ఎప్పుడూ చెక్క మీదే. గొట్టం ఆనితే గోలీ పడే చోటే మారిపోతుంది, ఎంత మారుతుందో ప్రతిసారీ ఒకేలా ఉండదు. చెక్క మీద కూడా ప్రతిసారీ అదే చోటు. చిన్న రంగు చుక్క పెట్టుకోండి.

చెలక_రైతు
ఓరుగల్లన్నా, కాళ్ల సంగతి చెప్పుండ్రి. గురి దిక్కు ఒక్క కాలా, రెండు కాళ్లా? ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్తరు.

ఓరుగల్లు_గురి
ఒకటి గురివైపు, రెండు మనవైపు, కుడి ఎడమలకు. కొంచెం ముందుకు ఆనుకుంటాం కదా, ఆ బరువు ముందు కాలు మీదికి దిగుతుంది, వెనక రెండూ పక్క ఊపు ఆపుతాయి. మన పాదాలు ఆ రెండు కాళ్ల వెనక ఉంటాయి, ఎడమ పాదం కాస్త ముందు.

జగిత్యాల_మంచె
ఇక్కడ నేను ఒప్పుకోను. చదునుల మీరు చెప్పిందే. వాలు మీద నిలబడి కిందికి కొట్టేటప్పుడు ముందు కాలు లోతులకు పోయి కట్టెలు గురి దిక్కు తూలుతయి. అప్పుడు ముందుకు రెండు పెట్టి, మన దిక్కు ఒకటి పెడితేనే నిలబడతది. చెరువు కట్ట మీద నిలబడి చూడుండ్రి, తెలుస్తది.

ఓరుగల్లు_గురి
కట్ట మీద సరే, ఒప్పుకుంటాను. ఏ పద్ధతిలో పెట్టినా పరీక్ష ఒకటే: తుపాకి లేకుండా పంగ మీద అరచేత్తో ఐదు కిలోల బరువు పడేలా నొక్కాలి, తర్వాత ముందుకీ వెనక్కీ తోయాలి. ముడి జారినా, ఏ కాలు లేచినా మళ్లీ పెట్టాలి.

ములుగు_కంక
కట్టెల గురించి మస్తు మంది అడుగుతరు, ఒక్కపారే రాస్త.

లోపల బోలు లేని గట్టి వెదురు కావాలె. బోలు వెదురు తేలిక, కానీ ఎండకాలం నిలువుగ పగులుతది. అడుగున 22 నుంచి 25 మిల్లీమీటర్ల మందం, పైన కొంచెం సన్నం. మూడూ కలిపి కిలోంబావు నుంచి కిలోన్నర దాక తూగుతయి. అడవిల నరుకుడు వద్దు, మేదరోళ్ల దగ్గరనో బొంగుల దుకాణంలనో కొనుండ్రి. పచ్చి కట్టె కొంటే నీడల నిలువుగ ఆరబెట్టాలె. ఎండల పడేస్తే వంకర పోతది. ఆరినంక చేతుల పట్టి భూమికి కొట్టి చూస్తే ఖంగుమనాలె. గనుపుల దగ్గర సన్న పొడి రాలుతుందంటే పురుగు పట్టినట్టే, అది తీసుకోవద్దు.

ఇగ అసలు కిటుకు గనుపుల ఉన్నది. మూడు కట్టెలు పక్కపక్కన పెట్టి, మూడింటికి ఒక గనుపు ముడి పడే చోటుకు సరిగ్గ కిందికి వచ్చేటట్టు జరుపాలె. ఆనక అడుగున ఎక్కువ ఉన్నది కోయాలె, పైన కాదు. ఆ గనుపే ముడికి అరుగు అయితది, బరువు పడ్డా రబ్బరు కిందికి జారదు. గనుపు కుదరకపోతే అక్కడ సుతిలి పది చుట్లు గట్టిగ చుట్టి ఫెవికాల్ రాయాలె, అదే అరుగు. కట్టెకు గాటు పెట్టుడు, బొక్క కొట్టి బోల్టు ఏసుడు చెయ్యొద్దు. వెదురు బొక్క దగ్గరనే చీలుతది, అదీ తుపాకి మీద ఉన్నప్పుడే.

ముడి: సైకిల్ ట్యూబు నిలువుగ కోసి రెండు సెంటీమీటర్ల వెడల్పు, అర మీటరు పొడుగు పట్టీ తీసుకోవాలె. నడిమి కట్టెకు ఒక చుట్టు, అక్కడినుంచి ఎడమ కట్టె మీదికి, మళ్ల నడిమి కట్టె వెనుకనుంచి కుడి కట్టె మీదికి. ఎనిమిది అంకె తీరు. గట్ల నాలుగు సార్లు. మరీ బిగిస్తే కాళ్లు తెరుచుకోవు, తెరుచుకున్నా వాటంతట అవే దగ్గరికి వస్తయి. వదులైతే పంగ కుంగుతది. కాళ్లు తెరిచి ఇడిచిపెడితే ఎక్కడియి అక్కడ ఉండాలె, అదే సరైన బిగువు.

పర్కాల_315
ములుగన్నా, మంచిగ విడమరిచినవ్. పైన 15 కాకుండ 23 ఉంటే ఏం నష్టం?

ములుగు_కంక
పంగ చేతులు పొడుగైతే బోల్టు లాగే చేతికి, స్కోప్ ఉన్నోళ్లకు స్కోపుకు తగులుతయి. తుపాకి పక్కకు తిప్పుదామంటే చెక్క పోయి కట్టెకు కొట్టుకుంటది. 12 నుంచి 15 చాలు.

చెలక_రైతు
కాళ్ల అడుగు: చెలక నేలల, ఎర్ర గట్టి భూమిల, నాలుగంగుళాల మొల అడుగున దిగ్గొట్టి తల కోసేస్తే పట్టుకుంటది. మొల కొట్టేముందు కట్టె అడుగు చుట్టూ ఇనుప తీగె బిగించాలె, లేకుంటే కట్టె చీలుతది. నల్లరేగడిల అదే మొల వానకాలం బెత్తెడు దిగిపోతది. ఒక కాలు ఒక తీరు, ఇంకో కాలు ఇంకో తీరు దిగితే తుపాకి పక్కకు ఒరుగుతది. రేగడికి పాత టైరు ముక్క గుండ్రంగ, అరచెయ్యంత కోసి, నడిమి బొక్కల మొల దూర్చాలె. బండ మీద, సిమెంటు మీద అయితే కుర్చీ కాళ్లకు ఏసే రబ్బరు బుష్ చాలు.

మక్క చేన్ల నిలబడి కొట్టే కట్టెలు దండుగ, చెప్తున్న. పెరిగిన మక్క మనిషిని దాటి ఉంటది, ఏం కనబడది. పల్లి చేను, మిర్చి తోట, కోసినంక పొలం, వీటికే పనికొస్తయి. మక్కకు మంచెనే.

జగిత్యాల_మంచె
మంచె మీద కట్టెలు అసలే వద్దు. మంచె అడ్డకట్టె మీద రెండు కిలోల ఇసుక సంచి పెట్టుకుంటే దానికి మించిన ఊత లేదు. పాత జీన్సు ప్యాంటు కాలు కోసి, రెండు దిక్కుల కుట్టి, ముప్పావు వంతే నింపాలె. నిండ నింపితే తుపాకి దాని మీద కూసోదు, దొర్లుతది. మంచెకు ఇంకో లాభం, గోలీ కిందికి పోయి మట్టిల దిగుతది. నిలబడి సమానంగ కొడితే పంది వెనుక ఏమున్నదో ఖరారు తెలిసేదాక ట్రిగ్గర్ మీద ఏలు పోవద్దు. .22 గోలీనే కిలోమీటరు దాటి పోతది, .315 సంగతి చెప్పేదేమున్నది. వెనుక గట్టో, మట్టి కుప్పో, చెరువు కట్టో ఉండాలె. రాత్రి బ్యాటరీ లైటు వెలుగుల పంది ఒక్కటే కనబడతది, దాని వెనుక పొలానికి నీళ్లు కట్టుకునే మనిషి కనబడడు.

బొటనవేలు
ఎయిర్ రైఫిల్ వాళ్లకు కూడా ఇవే కట్టెలు పనికొస్తాయా? .177 స్ప్రింగ్ రైఫిల్, 25 మీటర్లు, టిన్నులు, అట్టలు మాత్రమే. కట్టెల మీద పెడితే ఉత్త చేతుల కంటే అధ్వాన్నంగా పోతోంది!

ఓరుగల్లు_గురి
స్ప్రింగ్ రైఫిల్‌కు పైన చెప్పినదంతా తిరగేసి చదువుకోవాలి. లోపల స్ప్రింగు, పిస్టన్ ముందుకు ఉరికి ఆగుతాయి, పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే రైఫిల్ వెనక్కీ ముందుకీ కదులుతుంది. గట్టిగా పట్టినా, గట్టి ఊత మీద పెట్టినా ఆ కదలిక ప్రతిసారీ ఒక్కో తీరు అవుతుంది. అందుకని ఎడమ అరచేయి తెరిచి పంగ మీద పెట్టండి, వేళ్లు మూయకండి. రైఫిల్ బరువు ఉత్త అరచేతి మీద కూర్చోవాలి, భుజానికి తాకీ తాకనట్టు ఉండాలి. కట్టెలు మోసేది మీ చేతిని, రైఫిల్‌ను కాదు. స్ప్రింగుకు బదులు గ్యాస్ తోసే గ్యాస్ ర్యామ్ ఉన్నవాటికీ ఇదే. ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిళ్లకు ఈ బాధ లేదు, నేరుగా పెట్టుకోవచ్చు.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో ఏ ఊతా ఉండదు లెండి. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది నిలబడి, ఉత్త చేతులతోనే. పోటీకి తయారయ్యే పిల్లలకు కట్టెలు అలవాటు చేయకండి.

నిర్వాహకుడు
దీనికి ఒక చేర్పు. 20 జౌళ్ల లోపు, .177 ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ నియమాలు 2016 ప్రకారం లైసెన్సు అక్కరలేదు. అంతమాత్రాన పిట్టలను కొట్టడానికి అనుమతి ఉన్నట్టు కాదు.

పాకాల_పిట్ట
తుపాకి లేని మనిషిని, మధ్యలో దూరుతున్నా. ఇవే మూడు కట్టెలు పాకాల చెరువు కట్ట మీద బైనాక్యులర్‌కు బ్రహ్మాండం. పది రెట్లు పెద్దగా చూపే 10×42 చేతుల్లో పట్టుకుంటే బాతు కంటి రంగు తెలియదు, పంగలో పెడితే తెలుస్తుంది. ఎత్తు మాత్రం మీ లెక్క కాదు, కంటి ఎత్తుకు కావాలి, అంటే ముడి కింద ఇంకో 15 సెంటీమీటర్లు. పొడుగు కెమెరా లెన్సుకు కూడా సరిపోతాయి, లెన్సు కింద తువ్వాలు మడిచి పెట్టుకోండి.

చెలక_రైతు
పర్కాల తమ్మి కట్టెలు గదవ దాక ఉన్నయి కదా, పాకాలన్నకు అమ్మేయుమను!

పర్కాల_315
హహ. కోసుడు షురూ చేస్త. ఇంకొక్క డౌటు, కుందా దిక్కు ఊపు. ముందు భాగం ఇప్పుడు కదలదు అనుకుందాం, వెనుక భుజం ఊగుతనే ఉంటది కదా.

ఓరుగల్లు_గురి
ఇదే అసలు ప్రశ్న. మూడు కట్టెలు పట్టుకునేది ముందు సగాన్నే. మిగతా ఊపంతా వెనక నుంచే, ఊపిరి నుంచీ, గాలిలో తేలుతున్న కుడి మోచేయి నుంచీ.

మోచేయి పైకి లేపకుండా పక్కటెముకలకు ఆనించండి. భుజాన సంచి ఉంటే దాని పట్టీని కుందా మీద ఉన్న కుడి చేయి చిటికెన వేలితో పట్టుకున్నా నిలకడ వస్తుంది. పక్కన తోడు మనిషి ఉంటే, అతను కుడి పక్కన కాస్త వెనగ్గా నిలబడి తన భుజాన్ని మీ మోచేతి కింద పెట్టవచ్చు. అతను చెవులు మూసుకొని ఉండాలి, గొట్టం కంటే ముందుకు ఎప్పుడూ రాకూడదు. ఎవరూ లేకపోతే నాలుగో కట్టె: 120 సెంటీమీటర్ల విడి కర్ర, దాని పై చివరను గుప్పిట్లో పట్టి కుందాకు ఆనించడం. నాలుగు కాళ్ల కట్టెలు బయట అమ్ముతారు, ముందు చెక్కకు ఒక ఊత, కుందాకు ఒక ఊత ఉంటాయి. నిలకడ బల్ల మీద ఉన్నట్టే. కానీ కదిలే జంతువు వెంట తిప్పడం కష్టం, తెరిచి పెట్టడానికి చోటూ ఎక్కువ కావాలి.

ఇక బలంతో గురి పెట్టకండి. పెట్టుకున్నాక కళ్లు మూసి, రెండు ఊపిర్లు తీసి, తెరవండి. గురి పక్కకు పోయి ఉంటే చేతులతో లాగొద్దు, పాదాలు జరపండి. పైకి కిందికి పోయి ఉంటే ముందు కాలు జరపండి: ముందుకు తోస్తే పంగ దిగుతుంది, దగ్గరికి లాగితే లేస్తుంది. ఊపిరి సగం వదిలి, ఆపి, ట్రిగ్గర్. ఆరేడు సెకన్లలో గోలీ పోకపోతే మళ్లీ ఊపిరి తీసుకోండి, కన్ను అలసిపోతుంది.

జగిత్యాల_మంచె
దుకాణంల కొనే అల్యూమినియం కట్టెల గురించి ఎవలూ రాయలే. మీట నొక్కితే కాళ్లు దిగే ప్రైమోస్ ట్రిగ్గర్ స్టిక్ తీరువి ఒక్క చేత్తో ఎత్తు మార్చుకోవచ్చు, వాలు మీద సుఖం. కానీ లోపల కాళ్లు జారే ఏ కట్టెలకైనా దుమ్ము, ఇసుక శత్రువు. మొరం భూమిల రెండు దినాలు తిప్పినంక తడి గుడ్డతోటి తుడిచి ఆరబెట్టకపోతే కాలు బరువు కింద మెల్లగ దిగుతది. ఇంకోటి చప్పుడు. వెదురు కొట్టుకుంటే టక్కుమంటది, అల్యూమినియం ఖణేలుమంటది. పందికి కంటిచూపు తక్కువే గానీ చెవి, ముక్కు గట్టివి. దేనికైనా కాళ్లు మూడింటికి, మూసినప్పుడు తగిలే చోట రబ్బరు చుట్టుండ్రి. ప్లాస్టిక్ పైపు మాత్రం వద్దు, మే నెల ఎండకు మెత్తపడి వంగుతది.

బొటనవేలు
స్ప్రింగ్ రైఫిల్: అరచేయి తెరిచి పట్టాక 25 మీటర్ల దగ్గర రూపాయి బిళ్లంత అయింది. ధన్యవాదాలు సార్.

ఓరుగల్లు_గురి
సంతోషం. పర్కాల భాయ్, కొత్త కట్టెలు తయారయ్యాక రేంజిలో ఈ పని చేయండి. ఒకే అట్ట, 50 మీటర్లు. ఇసుక సంచి మీద మూడు గోలీలు, కట్టెల మీద మూడు, గొట్టం చల్లారనిచ్చి మళ్లీ కట్టెల మీద మూడు. కట్టెల గుంపు మధ్య, సంచి గుంపు మధ్య ఎంత తేడా ఉందో స్కేలుతో కొలవండి. ప్రతిసారీ పైకే పోతుంటే ఊత ఇంకా గట్టిగా ఉందన్నమాట, మరో రెండు చుట్లు రబ్బరు. తేడా ఏమీ లేకుండా గుంపు మాత్రమే పెద్దదైతే అది మోచేయి.

కట్టెల మీద ఐదుకు ఐదు గోలీలు 15 సెంటీమీటర్ల పళ్లెంలో పడే దూరం ఎంతో, అంతకు మించి జంతువు మీద కొట్టొద్దు. 50 మీటర్లలో పడకపోతే 35. గాయపడిన పంది మక్కలోకి దూరితే వెతకబోయిన మనిషికే ప్రమాదం.

ఖాళీ సాధన ఇంట్లోనే చేసుకోవచ్చు, గోలీలు వేరే గదిలో పెట్టి, బోల్టు తెరిచి రెండుసార్లు చూసుకొని. .315కు డమ్మీ గోలీ పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. .22 వాళ్లు ఉత్త చాంబర్ (గోలీ కూర్చునే చోటు) మీద నొక్కొద్దు, సూది పోయి చాంబర్ అంచుకే కొడుతుంది.

చెలక_రైతు
మర్చిపోయేముందు: తుపాకి కట్టెల మీద పెట్టి ఇడిచి పోవద్దు. నీళ్లు తాగేంత సేపైనా సరే. గాలికి ఒక్క కాలు లేస్తే చాలు. నడిచేటప్పుడు చాంబర్ ఖాళీ, కట్టెలు నిలబడ్డంకనే గోలీ లోపలికి. స్కోప్ ఉన్నోళ్లు ఇంకోటి చూసుకోవాలె: స్కోప్ గొట్టానికి నాలుగైదు సెంటీమీటర్ల మీద ఉంటది. స్కోపుల పంది నిండుగ కనబడతది, గొట్టం ముందు గట్టు మీది గడ్డో మిర్చి కొమ్మో అడ్డం ఉంటది.

పర్కాల_315
అన్నీ రాసుకున్న అన్నలూ. ట్యూబు ముడి ఎన్ని దినాలు ఆగుతది?

ములుగు_కంక
ఎండల ఉంచకపోతే ఒక కాలం. రబ్బరును వేళ్లతోటి సాగదీసి చూడు, మీద సన్న బీటలు కనబడితే ఆ దినమే మార్చు. సంచిల ఇంకొక పట్టీ మడిచి పెట్టుకో, పావు కిలో కూడా ఉండదు.